గంట విన్నవారి సంతకం

ఐదింటికి వ్యాను వస్తుందని ఇన్‌స్పెక్టర్ తేల్చి చెప్పేశాడు. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. నిదానం చేతిలో మిగిలింది రెండు గంటల ఇరవై నిమిషాలు. ఈలోగా ఏదైనా తేలితే సరేసరి. తేలకపోతే ఎదురు కుర్చీలో తల వంచుకుని కూర్చున్న మనిషి, ఈ మందుల గిడ్డంగిలో కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ మేడమ్, ఒక మనిషి ప్రాణం తీసిన నేరం మీద ఆ వ్యాను ఎక్కుతుంది.

నిదానం అనేది అతని అసలు పేరు కాదు. ముప్పై ఏళ్ళ పోలీసు కొలువులో తోటివాళ్ళు పెట్టిన పిలుపు. ఇతను అడుగు తీసి అడుగు వేసేలోపు దొంగ పెళ్ళి చేసుకుని పిల్లల్ని కూడా కంటాడని నవ్వుకునేవాళ్ళు. రిటైరయ్యాక ప్రైవేటుగా కేసులు చూస్తున్నాడు. కేసు లేని రోజు అతనికి నోరు విప్పే పనే ఉండదు. భార్య పోయి ఏడేళ్ళయింది. పాలు పోసేవాడు కూడా ప్యాకెట్ గుమ్మంలో పెట్టేసి చప్పుడు చేయకుండా వెళ్ళిపోతాడు.

మొన్న అతని తలుపు తట్టింది తాళాలాయన భార్య. ఈ గిడ్డంగిలో మూడు చల్లగదులున్నాయి. సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి చలి పెట్టి మందులు దాచే గదులు. వాటి తాళాలు చూసేవాడు గనక ఆయన తాళాలాయన. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి మూడో గదిలోకి వెళ్ళాడు. వెనకాల తలుపు మూసుకుపోయింది. లోపలి వైపు పిడి ఊడిపోయి ఉంది. ఇలాంటి ఆపద కోసమే ప్రతి గదిలోనూ గోడకి ఒక ఎర్ర మీట పెట్టారు. నొక్కితే కంప్యూటర్ గదిలోనూ గేటు దగ్గరా గంట మోగాలి. మోగలేదు. నాలుగూ నలభైకి ఎవరో తలుపు తీస్తే ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెయ్యి మీట వైపే చాచి ఉంది.

ఆవిడ నిదానం ఇంట్లో కూర్చున్న పావుగంటలోనూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. నెల్లాళ్ళుగా ఆయన మనసు మనసులో లేదని చెప్పింది. మూడో గదిలో ఒకసారి రెండు రోజులపాటు చలి తప్పిందట. ఆ మందులు పారేయాలని ఆయన పట్టు పట్టాడట. ఆ సంగతి చూసింది ఆయనా, సిస్టమ్స్ మేడమూ, ఇద్దరే. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"ఎవరో ఒకర్ని జైల్లో వేస్తే నాకేం ఊరట అన్నయ్యా. ఆయన ఆ మీట ఎన్నిసార్లు నొక్కి ఉంటాడో. ఎందుకని ఎవరికీ వినపడలేదో, అది చెప్పు చాలు."

ఆ మాట పట్టుకుని వచ్చాడు నిదానం. గిడ్డంగి మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. ఈ చిన్న గది చూపించి, రెండు గ్లాసుల నీళ్ళు పెట్టించి, తనకి ఈ కంప్యూటర్ల గోల ఓనమాలు కూడా తెలియవని, అంతా ఆవిడనే అడగమని చెప్పి వెళ్ళిపోయాడు.

"చెప్పమ్మా," అన్నాడు నిదానం.

"ఏం చెప్పను సార్. నేనే చంపాననుకోండి."

ఆమెకి నలభై దాటి ఉంటాయి. రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడని మనిషి గొంతు ఎలా ఉంటుందో నిదానానికి తెలుసు. మొదటి రెండు మాటలూ తుప్పు పట్టినట్టు వస్తాయి. ఆమె గొంతు అలాగే ఉంది. తనకి అర్థమయ్యే భాషలో మొదటి నుంచీ చెప్పమన్నాడు.

మెల్లగా చెప్పుకొచ్చింది. గంట మోగించే కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, లోపలంతా తెరిచిపెట్టి, కావలసినవాళ్ళు వాడుకోండని వదిలేసిన సిస్టమ్. దాని గుండెకాయని కెర్నల్ అంటారు. అప్పుడప్పుడూ కొత్త కెర్నల్ వస్తుంది. గోడమీద మీట మాట కంప్యూటర్‌కి వినిపించాలంటే మధ్యలో డ్రైవర్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ కావాలి. అది తయారుగా దొరకదు. ఏ కెర్నల్‌కి ఆ కెర్నల్ ప్రకారం అక్కడికక్కడ తయారవ్వాలి. ఆ తయారీకి కావలసిన వివరాలన్నీ హెడర్ ఫైళ్ళలో ఉంటాయి. కెర్నల్ మారితే హెడర్ ఫైళ్ళూ దానివే ఉండాలి. పాతవి పనికిరావు.

నిదానానికి ఇంట్లో కుట్టుమిషను గుర్తొచ్చింది. అతని భార్య బతికినన్నాళ్ళూ బట్టలు కుట్టింది. ఆమె మిషను మీద కప్పిన గుడ్డ ఇప్పటికీ తీయలేదు.

"అంటే కొలతల కాగితమన్నమాట. మనిషి మారితే కొలతలు మారతాయి. కొలతలు లేకుండా చొక్కా కుట్టమంటే ఎవరూ కుట్టలేరు."

ఆమె మొదటిసారి తలెత్తి చూసింది. పదకొండేళ్ళలో తన పని ఇంకొకరికి అర్థం కావడం అదే మొదలేమో.

ఆదివారానికి పంతొమ్మిది రోజుల ముందు, ఒక మంగళవారం, ఆమె కొత్త కెర్నల్ వేసింది. దాని కొలతలూ వేసింది. పాత కొలతలు తీసేసింది. కంప్యూటర్ మళ్ళీ స్టార్ట్ అయినప్పుడు కొత్త కెర్నల్‌తో లేచి, కొత్త కొలతలు చూసుకుని, డ్రైవర్ని తనంతట తనే కుట్టుకునేలా ఏర్పాటు చేసింది. ఆ తర్వాత ప్రతి మంగళవారం చేసినట్టే గంట పరీక్ష చేశారు. మోగింది. పుస్తకంలో రాసుకున్నారు.

"అక్కడే తప్పు చేశాను," అందామె. "రీస్టార్ట్ చెయ్యలేదు. చేస్తే చల్లగదుల రికార్డులో నాలుగు నిమిషాలు ఖాళీ పడుతుందని మేనేజర్ గారు ఒప్పుకోలేదు. అప్పుడు మోగింది పాత కెర్నల్ మీద. కొత్త చొక్కా సరిపోయిందో లేదో పాత చొక్కా తొడుక్కుని చూసుకున్నట్టు."

ఆదివారం పదకొండూ ఐదుకి కరెంటు పోయింది. పదకొండూ తొమ్మిదికి కంప్యూటర్ కొత్త కెర్నల్‌తో లేచింది. కొలతలు వెతికింది. దొరకలేదని ఒక ముక్క రాసిపెట్టి ఊరుకుంది. ఆ క్షణం నుంచీ అది చెవిటిది. ఆదివారం గనక ఆ ముక్క చదివే మనిషి గదిలో లేడు.

"కొత్త కొలతలు వేశానని నీకు గుర్తుందా అమ్మా?"

"వేశాననే గుర్తు. కానీ మిషన్ లేవంటోంది. నేనే తీసేసినట్టు ఇన్‌స్పెక్టర్ గారు కాగితం చూపిస్తున్నారు. ఇప్పుడు నా గుర్తు మీద నాకే నమ్మకం పోయింది. ఒక్కదాన్నే పనిచేశాను సార్ ఇన్నేళ్ళూ. చేశానని చెప్పాలంటే నాకు నేనే సాక్షి."

మూడో గదిలో చలి తప్పిన సంగతి అడిగాడు. నిజమేనంది. రికార్డు దిద్దమని మేనేజర్ అడిగితే తాను ఒప్పుకోలేదని, అయితే పైవాళ్ళకి తనే రాస్తానని ఆయన చెప్పాడని, తర్వాత ఏమైందో తెలియదని అంది. ఆ మాట పూర్తవుతూండగానే తలుపు తీసుకుని మేనేజర్ వచ్చాడు. కంప్యూటర్ గదిలో ఇన్‌స్పెక్టర్ ఎదురుచూస్తున్నాడట. ఈ గదిలో గాలి ఆడదు, వ్యాను వచ్చేదాకా మేడమ్‌కి తన ఆఫీసులో కుర్చీ వేయిస్తానన్నాడు. ఆమె లేచి అతని వెనకాల వెళ్ళింది. సన్నటి నేత చీర. భుజాన చేతిసంచీ లేదు, అది పోలీసుల దగ్గరుంది. అప్పుడు మూడూ ఐదు.

కంప్యూటర్ గదికి కిటికీ లేదు. ఒక బల్ల, ఒకే కుర్చీ, ఒకే టీ కప్పు. రెండో మనిషి వస్తే కూర్చోవడానికి స్టూలు కూడా లేదు. ఇన్‌స్పెక్టర్ ఉన్న ఒక్క కుర్చీలోనూ కూర్చుని కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఒకప్పుడు నిదానం కింద నాలుగేళ్ళు పనిచేసినవాడు. అతని కంటే ముందు పై ర్యాంకుకి వెళ్ళినవాడు.

"రండి గురువుగారూ. అక్కణ్ణుంచి ఇక్కడికి నలభై అడుగులు. మీ లెక్కన తొందరగానే వచ్చేశారు."

"మోకాళ్ళు నాయనా. నీకూ వస్తాయి."

ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం ముందుకి తోశాడు. ఆ మంగళవారం మధ్యాహ్నం మూడూ పదిహేనుకి హెడర్ ఫైళ్ళు తీసేసినట్టు సిస్టమ్ తనే రాసుకున్న చిట్టా. ఆవిడ లాగిన్, ఆవిడ పాస్‌వర్డ్, ఆవిడ కుర్చీ. ఇంకేం కావాలన్నాడు. కావాలని చేసిందో పరాకున చేసిందో కోర్టు చూసుకుంటుంది. మీరు వెళ్ళి ఆ తాళాలాయన భార్యకి ఇదే చెప్పండన్నాడు.

నిదానం కళ్ళజోడు తుడుచుకుని, కాగితం మీద వేలు పెట్టి వరసగా చదవడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు గడిచాయి. ఇన్‌స్పెక్టర్ బూటు నేలకేసి తాటిస్తున్నాడు.

"తీసేసిన వాటి నంబరు చివర నలభై ఒకటి ఉంది," అన్నాడు నిదానం. "ఆదివారం మిషన్ లేచిన కెర్నల్ నంబరెంత?"

ఇన్‌స్పెక్టర్ తన పుస్తకం తిరగేశాడు. "యాభై ఎనిమిది."

"అయితే ఆవిడ పారేసింది పాత చొక్కా కొలతలు. పారేస్తే తప్పేముంది? రెండు లైన్ల కింద చూడు. అదే మూడూ పదిహేనుకి యాభై ఎనిమిది వేసినట్టు రాసుంది. నువ్వు పై లైను దగ్గరే ఆగిపోయావు."

"వేస్తే ఏమయ్యాయి? మిషన్ లేవంటోందిగా."

అదే చూద్దామన్నాడు నిదానం. డిస్కు నకలు నిన్ననే తీసి పెట్టుకున్నారు గనక ముట్టుకుంటే పోయేదేమీ లేదు. పాస్‌వర్డ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరే ఉంది. ముందు సిస్టమ్ జాబితా తెరిపించాడు. యాభై ఎనిమిదో నంబరు హెడర్ ఫైళ్ళు ఉన్నట్టే చూపిస్తోంది. తర్వాత అవి ఉండవలసిన ఫోల్డర్ తెరిపించాడు. లోపల ఒక్క ఫైలు లేదు. ఖాళీ.



"జాబితాలో సరుకుంది, అరలో లేదు," అన్నాడు నిదానం. "సిస్టమ్ ద్వారా తీస్తే జాబితాలోంచీ కొట్టేస్తుంది, నలభై ఒకటిని కొట్టేసినట్టు. దీన్ని కొట్టెయ్యలేదు. అంటే ఎవరో దొడ్డిదారిన వచ్చి చేత్తో ఖాళీ చేశారు. ఆ ఫోల్డర్ ఎప్పుడు మారిందో చూడు."

ఇన్‌స్పెక్టర్ చూశాడు. అదే మంగళవారం. మూడూ ముప్పై ఎనిమిది.

"అప్పుడూ ఆవిడ లాగినే నడుస్తోంది," అన్నాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు. "ఆవిడే పెట్టింది, ఆవిడే తీసింది. గుట్టుగా తీసింది. అంటే పరాకు కాదు, పగ. నా కేసు ఇంకా గట్టిపడింది గురువుగారూ. థాంక్స్."

"గుట్టుగా తియ్యాలనుకున్న మనిషి ఆ పంతొమ్మిది రోజుల్లో రీస్టార్ట్‌కి అనుమతి అడుగుతుందా? రీస్టార్ట్ చేస్తే గుట్టు బయటపడదూ?"

"అదీ నాటకమేమో."

"నీకు ఐదింటికి వ్యాను నింపాలి. అందుకని నీకన్నీ నాటకాల్లాగే కనిపిస్తాయి."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. పెద్దరికానికి గౌరవమిచ్చి లోపలికి రానిచ్చానని, ఇది మీ కాలం కాదని, మీ ఒక్కరికే న్యాయం పట్టినట్టు మాట్లాడతారనే ఆ నాలుగేళ్ళూ మీతో ఎవరూ కలిసి టీ కూడా తాగలేదని, ఒక్కొక్కటీ విడమర్చి చెప్పాడు. నిదానం కాదనలేదు. చివరి మాట నిజమే. ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని, గోడకి మేకు మీద వేలాడుతున్న అట్టపుస్తకం తీసుకున్నాడు.

అది గంట పరీక్షల పుస్తకం. తేదీ, వేళ, నొక్కింది ఎవరు, విన్నది ఎవరు. ఇద్దరు మనుషులు లేనిదే ఈ పరీక్ష జరగదు. ఒకరు చల్లగదిలో మీట నొక్కాలి, ఇంకొకరు ఇక్కడ కూర్చుని వినాలి. పేజీ తర్వాత పేజీ ఒకేలా ఉంది. నొక్కింది తాళాలాయన. విన్నది సిస్టమ్స్ మేడమ్. ఏ మంగళవారమూ తప్పలేదు. ఒక్కోచోట తాళాలాయన సంతకం పక్కన చిన్న అక్షరాలతో 'చెయ్యి గడ్డకట్టింది, టీ పంపు' అని, దాని కింద ఆమె చేతిరాతతో 'వస్తోంది బాబాయ్' అని ఉంది. ఆ పుస్తకంలో తప్ప ఆ ఇద్దరికీ మాట్లాడుకునే చోటు ఇంకెక్కడా లేనట్టుంది.

నిదానం వేలు ఆ మంగళవారం దగ్గర ఆగింది.

"తాళాలాయన ఆ రోజు సెలవు," అన్నాడు. "మూడున్నర నుంచి మూడూ నలభై ఐదు దాకా పరీక్ష. మూడు గదుల్లోనూ మీట నొక్కింది మేడమ్. అంటే ఆ పావుగంటా ఆవిడ చల్లగదుల్లో ఉంది. లాగిన్ తెరిచిపెట్టి వెళ్ళింది, లేకపోతే వినేవాళ్ళకి స్క్రీన్ కనపడదు. మూడూ ముప్పై ఎనిమిదికి ఈ కుర్చీలో కూర్చున్నది, విన్నానని సంతకం పెట్టిన మనిషి."

పుస్తకం తిప్పి చూపించాడు. ఇన్‌స్పెక్టర్ ఆ సంతకం చదివాడు. ఈ కేసు కాగితాల మీద ఆ సంతకం రోజుకి నాలుగుసార్లు చూస్తున్నాడు. గిడ్డంగి మేనేజర్ది.

"ఆయనకి కంప్యూటర్ అంటే ఏమీ తెలీదన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నిదానం పుస్తకాన్ని మొదటి పేజీకి తిప్పాడు. అక్కడ తేదీలు పద్నాలుగేళ్ళ కిందటివి. విన్నది అనే వరసలో అదే సంతకం. వారం వారం, మూడేళ్ళపాటు. ఆ తర్వాతే మేడమ్ చేతిరాత మొదలైంది.

"ఆవిడ రాకముందు ఈ కుర్చీ ఆయనదే. పై ఉద్యోగం వచ్చాక ఆ సంగతి మర్చిపోయాడు. పుస్తకం మర్చిపోలేదు."

 సంతకం ఉన్నంత మాత్రాన హంతకుడైపోడని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. కానీ అంటూనే ఆదివారం మెయిన్ స్విచ్ గది తాళం ఎవరి దగ్గరుందో తన పుస్తకంలో వెతుకుతున్నాడు. ఒకే ఒక తాళంచెవి, మేనేజర్ దగ్గర. తాళాలాయనని ఆదివారం డ్యూటీకి రమ్మని ఫోన్ చేసింది ఎవరు? ఆ పేరూ అదే. ఊడిన పిడి తుప్పు వల్ల ఊడిందని చెప్పిందీ ఆయనే. మేనేజర్ కాక చలి తప్పిన మందుల సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు పోయారు. రెండో మనిషి ఐదింటికి వ్యాను ఎక్కితే ఆమె మాట ఇక ఎవరు నమ్ముతారు?

"ఒక్కటి తేల్చుకుందాం," అన్నాడు నిదానం. "కొలతలు వేస్తే డ్రైవర్ కుట్టుకుంటుందా లేదా? కుట్టుకుంటే ఆవిడ చేసిన ఏర్పాటులో లోపం లేనట్టు. లోపమంతా ఆ ఖాళీ ఫోల్డరే."

పుస్తకం ఆఖరి పేజీలో ఆమె పెద్ద పెద్ద అక్షరాలతో మూడు ఆజ్ఞలు రాసి పెట్టింది. పైన 'నేను లేనప్పుడు వచ్చేవాళ్ళకి' అని ఉంది. ఆ పేజీ తెరవవలసి వచ్చినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. మొదటిది హెడర్ ఫైళ్ళు తిరిగి వేయడానికి. రెండోది డ్రైవర్ తయారు చేయడానికి. మూడోది దాన్ని ఎక్కించడానికి.

నిదానం ఒంటి వేలితో ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమూ వెతుక్కుంటూ కొట్టాడు. మధ్యలో ఒకసారి తప్పుపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. తానే కొడతానని ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పాకాయి. ఖాళీ ఫోల్డర్ నిండింది. రెండో ఆజ్ఞ. మిషన్ లోపల ఫ్యాను జోరందుకుంది. కొత్త కొలతలకి డ్రైవర్ తయారైందని ఒక లైను వచ్చింది. మూడూ యాభై రెండుకి నిదానం మూడో ఆజ్ఞ కొట్టి ఎంటర్ నొక్కాడు.

నెత్తిమీద గంట మోగింది.

గది చిన్నది కావడంతో ఆ మోత చెవుల్లో దూరి పుర్రె దాకా పోయింది. ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడి, పరీక్ష కోసం అదే మోగుతుందేమో, ఆపండన్నాడు. నిదానం స్క్రీన్ చూస్తున్నాడు.

"నేనేమీ మోగించలేదు నాయనా. మీట ఎవరో నొక్కితేనే మోగుతుంది."

"ఆదివారం నుంచీ మూడో గది మీట ఇరుక్కుపోయి ఉండొచ్చు. ఆ గదికి సీలు వేయించింది నేనే."

"మూడో గది కాదు." నిదానం వేలు స్క్రీన్ మీద ఆనింది. "ఒకటో గది."

గంట ఆగింది. రెండు క్షణాలు ఊరుకుని మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. ఇరుక్కున్న మీట అలా ఆగి ఆగి మోగదు.

ఇన్‌స్పెక్టర్ గేటుకి ఫోన్ కలిపాడు. కానిస్టేబుల్ చెప్పింది వింటూనే అతను తలుపు వైపు నడిచాడు. మేనేజర్ గారు మూడున్నరకి ఏదో తొందర పనుందని ఒక్కరే కారులో వెళ్ళిపోయారట. వెళ్తూ వెళ్తూ, మేడమ్ బాగా కుంగిపోయి ఉంది, తను చేసిన పనికి ఏం చేసుకుంటుందోనని భయంగా ఉంది, కనిపెట్టి ఉండమని కూడా చెప్పారట. కానిస్టేబుల్ ఆఫీసు గదికి వెళ్ళి చూశాడట. కుర్చీ వేసి ఉంది. ఆమె లేదు. బాత్‌రూమ్‌కి వెళ్ళిందనుకున్నాడట.

ముప్పై ఏళ్ళ కొలువులో ఎవరూ చూడని పని నిదానం అప్పుడు చేశాడు. పరిగెత్తాడు. నడవ చివర చల్లగదుల ముందు తాళంచెవుల బోర్డు ఉంది. మూడు మేకులు. మూడో మేకు చెవి పోలీసులు తీసుకున్నారు. రెండో మేకుకి చెవి ఉంది. మొదటి మేకు ఖాళీ.

ఒకటో గది తలుపు జానెడు మందం ఉక్కు. బయట తాళం పడి ఉంది. నిదానం రెండు చేతులతో కొట్టాడు. అరచేతులకి చలి తగిలింది తప్ప లోపలికి చప్పుడు పోయిన గుర్తు లేదు. ఇన్‌స్పెక్టర్ మేనేజర్ కారు నంబరు ఫోన్లో అరుస్తూ, కట్టర్ తెమ్మని ఇంకో చేత్తో సైగ చేస్తూ ఆ సన్నటి నడవలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. కట్టర్ రావడానికి అరగంట పడుతుందన్నారు. ఆమె లోపల ఎంతసేపటి నుంచి ఉందో నిదానం లెక్క వేశాడు. మూడూ ఐదుకి ఆ గదిలోంచి లేచి వెళ్ళింది. ఇప్పుడు మూడూ యాభై ఆరు. సన్నటి నేత చీర.

కంప్యూటర్ గదిలో గంట మళ్ళీ మోగింది. ఈసారి మోతకీ మోతకీ మధ్య ఎడం పెరిగింది.